తానీషా వెళ్లిన దారిలో మూడు రోజులు

ఈ ప్రయాణం నా ఆలోచన కాదు, పాల్వంచలో ఉండే మా బాబాయ్‌ది. థర్మల్ స్టేషన్‌లో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరయ్యాడు. అప్పట్నుంచి ఆయనకున్న పిచ్చి ఒక్కటే, రామదాసు. కంచర్ల గోపన్న పాల్వంచ పరగణాకు తహసీల్దారుగా చేశాడు కాబట్టి బాబాయ్ లెక్కలో ఆయన మా ఊరి ఆఫీసరే. ఏదో నిన్నమొన్న ట్రాన్స్‌ఫరై వెళ్లినట్టు మాట్లాడతాడు.

ఏటా శ్రీరామనవమికి భద్రాచలం వెళ్తాడు. కల్యాణానికి ప్రభుత్వం తరఫున ముత్యాల తలంబ్రాలు వస్తాయి కదా, మండపంలో జనమంతా స్వామివారి వైపు చూస్తుంటే బాబాయ్ మాత్రం ఆ పళ్లెం ఎటు పోతే అటు చూస్తాడు. "అది తానీషా పెట్టిన ఆచారం" అంటాడు. తానీషా అంటే గోపన్నను జైల్లో పెట్టిన గోల్కొండ చివరి సుల్తాను. ఈసారి నవమి అయిన వారానికి ఫోన్ చేసి, "ఒరేయ్, తానీషా సమాధి ఎక్కడుంది?" అని అడిగాడు. గోల్కొండ పక్కన కుతుబ్ షాహీ సమాధుల్లో ఉంటుందని ఇన్నాళ్లూ అనుకుంటున్నాడట. అక్కడ లేదు బాబాయ్, మహారాష్ట్రలో ఖుల్దాబాద్‌లో ఉంది అన్నాను. కాసేపు మాట్లాడలేదు.

"అంత దూరం ఎందుకు తీసకపోయారు?"

"ఔరంగజేబు పట్టుకుపోయాడు. దౌలతాబాద్ కోటలో పెట్టాడు."

"అయితే ఎక్కడ పట్టుకున్నాడో అక్కడ్నించే మొదలుపెడదాం. ఎండలు తగ్గనీ."

దసరా వెళ్లాక బయల్దేరాం.

మొదటి రోజు: ఫతే దర్వాజా

మెహదీపట్నం దాకా బస్సు, అక్కడ్నించి ఆటో. లంగర్‌హౌజ్ దాటాక రోడ్డు సన్నబడి, ఎదురుగా నల్లటి రాతిగోడ అడ్డం వస్తుంది. మొదటిసారి వచ్చేవాళ్లకు దారి మూసుకుపోయిందనిపిస్తుంది. దగ్గరికెళ్తే పక్కకి మలుపు. ఆ మలుపు ఊరికే పెట్టింది కాదు. ఏనుగు తలుపును గుద్దాలంటే ముందు వేగంగా పరిగెత్తి రావాలి. అడ్డుగోడ ఉంటే ఆ పరుగుకు చోటుండదు. ఇప్పుడా మలుపులో ఏనుగుల బదులు ఆటోలు ఇరుక్కుంటున్నాయి. లోపలి నుంచి వచ్చే బండి, బయటి నుంచి వెళ్లే బండి ఎదురెదురుగా ఆగి హారన్లు కొట్టుకుంటుంటే, మధ్యలోంచి ఓ కుర్రాడు స్కూటీ మీద గుడ్ల ట్రేలు పెట్టుకుని, ఒక్క గుడ్డు పగలకుండా దూరిపోయాడు.

గోల్కొండ అంటే చాలామందికి చప్పట్లు, కొండ మెట్లు, సౌండ్ అండ్ లైట్ షో. ఆ చప్పట్లు కొట్టే గుమ్మటం బాలా హిస్సార్ దర్వాజా దగ్గరుంది. అది లోపలి కోట. ఫతే దర్వాజా దానికి బాగా ఇవతల, ఊరి చుట్టూ తిరిగే బయటి గోడకు ఉంది. రెండూ కలిపేసి చెప్పే గైడ్లను నేనే విన్నాను. ఈ బయటి గోడకు 87 బురుజులు, 8 దర్వాజాలు. మన కవులు మల్కిభరాముడని పిలుచుకున్న ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో గోడలు రాతితో గట్టిపడ్డాయి. ఫతే, బంజారా, మక్కా, జమాలీ దర్వాజాలను ఇప్పటికీ జనం వాడుతున్నారు. నాకు బాగా నచ్చేది అదే. టికెట్ లేదు, గేటు మూసే టైము లేదు. లోపల ఛోటా బజార్, బడా బజార్, ఇళ్లు, స్కూళ్లు, మటన్ కొట్లు, అన్నీ ఉన్నాయి. ఆషాఢంలో హైదరాబాద్ బోనాలు మొదలయ్యేది గోల్కొండ జగదాంబిక గుడిలోనే. తొట్టెల ఊరేగింపు లంగర్‌హౌజ్ నుంచి ఈ దర్వాజా కిందుగానే లోపలికెళ్తుంది.

తలుపుల దగ్గర ఆగాం. అంబారీతో సహా ఏనుగు వెళ్లగలిగినంత ఎత్తు. మందపాటి టేకు చెక్కల మీద ఇనుప పట్టీలు, పట్టీల మీద వరసగా ఇనుప ముళ్లు. కింది వరసలో ముళ్లు కొన్ని వంగిపోయి, కొన్ని ఊడిపోయి చెక్కలో గుంటలు మిగిలాయి. ఒక గుంటలో ఎవరో పాన్ పరాగ్ కాగితం మడిచి దోపారు. బాబాయ్ దాన్ని తీసి జేబులో వేసుకుని, ఒక ముల్లును బొటనవేలితో నొక్కి చూశాడు. ముప్పై ఏళ్లు ఇనుముతో పనిచేసిన చెయ్యి కదా.

"పోత కాదురా. కొలిమిలో కాల్చి సాగగొట్టింది. సుత్తి దెబ్బలు చూడు" అని చూపించాడు. నిజమే, ముల్లు మొదట్లో నాలుగు పలకలుగా దెబ్బలు కనిపిస్తున్నాయి. ఇన్నిసార్లు ఈ దారిన పోయాను, ఎప్పుడూ గమనించలేదు.

"ఇంత తలుపు పెట్టుకుని ఎట్టా ఓడిపోయాడు?"

పక్కనే ఇరానీ హోటల్లో కూర్చుని చెప్పాను. 1687 మొదట్లో ఔరంగజేబు సైన్యంతో వచ్చి ముట్టడి పెట్టాడు. దాదాపు ఎనిమిది నెలలు పట్టింది. గోడ కిందికి సొరంగాలు తవ్వించి మందుగుండు పెడితే, అది వెనక్కి పేలి మొగలు సైనికులే చచ్చారు. వానలు, వరద, కరువు. బయట ఉన్నవాళ్లకే తిండి లేని పరిస్థితి. ఔరంగజేబు సేనానుల్లో కులీజ్ ఖాన్ అనే ముసలాయనకు ఫిరంగి గుండు తగిలి చెయ్యి పోయింది. వైద్యులు ఎముక ముక్కలు ఏరుతుంటే రెండో చేత్తో కాఫీ తాగుతూ కూర్చున్నాడని చెబుతారు. కొద్దిరోజులకే పోయాడు. ఆయన మనవడే తర్వాత హైదరాబాద్‌కు మొదటి నిజాం అయ్యాడు.

బాబాయ్ కప్పు దించాడు. "అంటే తాత ఇక్కడ గోడ బయట చచ్చిపోతే, మనవడు లోపలికొచ్చి రాజయ్యాడా?"

"దాదాపు అంతే."

"సరే, తలుపు సంగతి చెప్పు."

తలుపు విరగలేదు. గోడలో ఖిడ్కీ అనే చిన్న వాకిలి ఒకటుండేది. మన భాషలో దిడ్డి. పెద్ద తలుపులు మూసినప్పుడు మనుషులు ఒక్కొక్కరుగా వచ్చిపోవడానికి. దాని కాపలా అబ్దుల్లా ఖాన్ పణీ అనే పఠాన్ సర్దారు చేతిలో ఉంది. మొగలులు అతణ్ని కొనేశారు. 1687 సెప్టెంబర్ 21 తెల్లవారుజామున మూడు గంటలప్పుడు ఆ దిడ్డి తెరిచి ఉంది. అందులోంచి వచ్చినవాళ్లు లోపల్నుంచి పెద్ద తలుపులు తీశారు. గెలిచాక ఈ దర్వాజాకు ఫతే, అంటే విజయం అనే పేరు పడిందని అంటారు. ఓడిపోయిన ఊరివాళ్లు రోజూ గెలిచినవాడి పేరు చెప్పుకుని తిరగాల్సి రావడం చిత్రమే గానీ, ఇప్పుడక్కడ ఆటోవాడికి "ఫతే దర్వాజా" అంటే దిగే స్టాపు.

బాబాయ్ లేచి మళ్లీ తలుపు దగ్గరికెళ్లి నిలబడ్డాడు. "ముళ్లు ఏనుక్కి గుచ్చుకుంటాయి. రూపాయికి ఎక్కడ గుచ్చుకుంటాయిరా" అన్నాడు.

లొంగనివాడూ ఒకడున్నాడు, అబ్దుల్ రజాక్ లారీ. అంతకుముందు ఔరంగజేబు పంపిన ఆశ చూపే ఉత్తరాన్ని బురుజు మీద అందరి ముందూ చింపేశాడట. ఆ రాత్రి చప్పుడు వినగానే జీను కూడా వెయ్యని గుర్రం మీద పదిమందిని వెంటేసుకుని దర్వాజా దగ్గరికి ఉరికాడు. ఒంటి మీద డెబ్భై గాయాలు. గుర్రమే అతణ్ని తీసుకెళ్లిపోయింది. తర్వాత ఔరంగజేబే వైద్యుల్ని పంపించి బతికించాడు. ఈ కథ చెబుతుంటే హోటల్ కౌంటర్ మీదున్న పెద్దాయన కలగజేసుకుని, "సత్తర్ జఖమ్, సాబ్, సత్తర్!" అని వేళ్లు చూపించాడు. ఆ లెక్క దగ్గర రాజీ పడేలా లేడు.

తానీషా ఏం చేశాడు? శత్రువులు రాజమహల్లోకి వస్తున్నారని తెలిసి లోపల ఆడవాళ్లను ఓదార్చి, బయటికొచ్చి కూర్చున్నాడు. పట్టుకోడానికొచ్చిన రుహుల్లా ఖాన్‌ను పలకరించి, వేళైందని భోజనం తెప్పించుకుని తిన్నాడు. తర్వాత లేచి వాళ్ల వెంట వెళ్లాడు.

లోపలి కోటకు టికెట్ తీసుకుని వెళ్లాం. బాబాయ్ చప్పట్లు కొట్టలేదు, సరాసరి రామదాసు బందీఖానాకే వెళ్లాడు. గోడ మీద చెక్కిన సీతారామలక్ష్మణులు, హనుమంతుడు, పైన వెలుతురు పడే కంత. అక్కడ ఆయన ఎంతసేపున్నాడో నేను చూడలేదు. బయట నీడలో కూర్చుని సాయంత్రం రైలుకు టైం చూసుకుంటున్నాను. వచ్చాక కళ్లద్దాలు తుడుచుకుంటూ, "గోపన్న జైల్లోంచి బయటికొచ్చాడు. తానీషా జైల్లోకి పోయి మళ్లీ రాలా" అని మాత్రం అన్నాడు.

సాయంత్రం అజంతా ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. నిజాం కాలంలో, 1900 ప్రాంతంలో వేసిన గోదావరి లోయ లైను ఇది. ఔరంగాబాద్ మీదుగా మన్మాడ్ దాకా పోతుంది. నిజామాబాద్ దాటి బాసర దగ్గర గోదావరి వచ్చేసరికి బాబాయ్ నన్ను లేపి మరీ రూపాయి బిళ్ల వేయించాడు. "మన దగ్గరికి వచ్చే నీళ్లేరా" అన్నాడు. చీకట్లో నీళ్లు కనిపించలేదు, వంతెన చప్పుడు వినిపించిందంతే.

రెండో రోజు: తలుపుల్లేని దర్వాజాలు

తెల్లారకముందే దిగాం. యాప్‌లో బుక్ చేసిన లాడ్జికి వెళ్తే, రిసెప్షన్ బల్ల వెనక పడుకున్న కుర్రాడు లేచి, "బుకింగ్ రాలేదు, రూము లేదు" అన్నాడు. నా ఫోన్లో డబ్బులు కట్టినట్టుంది, వాడి కంప్యూటర్‌లో లేదు. వాదించి లాభం లేదని మెట్ల మీద కూర్చున్నాం. నాకు టెన్షన్, బాబాయ్‌కి మాత్రం ఏమీ లేదు. చెప్పులు తలకింద పెట్టుకుని గంట నిద్రపోయాడు. ఏడింటికి పక్క సందులో వేరే రూము దొరికింది. రెండింతలు తీసుకున్నాడు.

ఈ ఊరికి పేర్లు ఎక్కువ. 1610లో మాలిక్ అంబర్ రాజధానిగా కట్టుకున్నప్పుడు ఖడ్కీ. మరాఠీలో ఖడక్ అంటే రాయి. పారసీ రాతల్లో ఖిర్కీ అని కూడా రాశారు, అంటే కిటికీ, దిడ్డి. నిన్న గోల్కొండను ముంచిన మాటే ఇవాళ ఊరి పేరై ఎదురొచ్చిందని బాబాయ్‌కి చెబితే నవ్వాడు. అంబర్ పోయాక కొడుకు ఫతే ఖాన్ దాన్ని ఫతేనగర్ చేశాడు. 1653లో ఔరంగజేబు దక్కన్ సుబేదారుగా వచ్చి తన పేరు పెట్టుకున్నాడు. 2023 నుంచి అధికారికంగా ఛత్రపతి సంభాజీనగర్. ఆటోవాళ్లు రెండు పేర్లూ వాడుతున్నారు. మనిషిని చూసి ఒకటి ఎంచుకుంటారేమో అనిపించింది.

పోహా తిని భడ్కల్ గేటుకు వెళ్లాం. నేను ఈ ఊరు వచ్చిందే దానికోసం. 52 దర్వాజాల ఊరని పేరు. ఉత్తరాన ఢిల్లీ, దక్షిణాన పైఠాన్, పడమట మక్కా, తూర్పున జాల్నా వైపుకొకటి, మధ్యలో బోలెడు చిన్నవి. ఊరి చుట్టూ గోడను 1682లో ఔరంగజేబు మరాఠాల దాడులకు భయపడి కట్టించాడు. కానీ భడ్కల్ దానికి డెబ్భై ఏళ్లు పెద్దది. 1612లో మొగలుల మీద గెలిచిన గుర్తుగా అంబర్ కట్టించాడు. అంటే ఇది కూడా ఒక ఫతే దర్వాజాయే, కాకపోతే ఇది దక్కనువాళ్ల ఫతే.

మాలిక్ అంబర్ ఇథియోపియాలో పుట్టి, చిన్నప్పుడే బానిసగా అమ్ముడుపోయాడు. ఒక యజమాని నుంచి ఇంకో యజమానికి చేతులు మారుతూ బాగ్దాద్ మీదుగా అహ్మద్‌నగర్ చేరాడు. అక్కడ ప్రధానిగా ఎదిగి, ఉన్న కొద్దిపాటి గుర్రాలతోనే మొగలు సైన్యాన్ని కొండల్లో తిప్పి తిప్పి విసిగించాడు. జహంగీర్‌కు అతని మీద ఎంత కసి అంటే, అంబర్ తలను బల్లెం మీద గుచ్చి తాను బాణం వేస్తున్నట్టు బొమ్మ గీయించుకున్నాడు. బొమ్మలో తప్ప ఎప్పుడూ దొరకలేదు. 1616లో మొగలులు వచ్చి ఈ ఊరిని తగలబెట్టి పోయారు. అంబర్ మళ్లీ కట్టుకున్నాడు. 1626లో సహజంగానే చనిపోయాడు.

దర్వాజా కింద నిలబడి పైకి చూస్తే మెడ నొప్పెడుతుంది. సూదిగా పైకి లేచిన పెద్ద కమానులు, బలిసిన రాతి స్తంభాలు, లోపల గుమ్మటం కప్పు. కప్పులో పావురాలు. తలుపుల్లేవు. చుట్టూ బైకులు, సిటీ బస్సులు, ఎదురుగా అంబేడ్కర్ విగ్రహం, దానికి తాజా పూలదండలు. ఊరి గోడ ఎప్పుడో పోయింది, రోడ్డు మధ్యలో గేటొక్కటే మిగిలింది. గోడ లేని గేటును ఎవరైనా పక్కనుంచి వెళ్లొచ్చు. అయినా ఓ పెద్దావిడ కూరగాయల సంచితో వచ్చి, పక్కన ఖాళీ రోడ్డున్నా కమాను కిందుగానే నడిచి వెళ్లింది. నీడ కోసం కావచ్చు.

బాబాయ్ స్తంభాన్ని అరచేత్తో తట్టి చూశాడు. "తలుపు బిగించిన గుర్తులు చూడు" అని కింద రాతిలో ఉన్న గుండ్రటి గుంట చూపించాడు. తలుపు కీలు తిరిగి తిరిగి అరిగినట్టుంది. అందులో వాననీళ్లు నిలిచి, ఒక బీడీ ముక్క తేలుతోంది. గోల్కొండలో తలుపుంది, ఇక్కడ దాని గుంట ఉంది. మా ఇద్దరికీ రోజంతా అదే ఆట అయిపోయింది. ఏ దర్వాజాకెళ్లినా ముందు కిందికి చూడ్డమే.

ఢిల్లీ దర్వాజా సలీం అలీ చెరువుకు ఎదురుగా ఉంది. భడ్కల్ కంటే శుభ్రంగా, చుట్టూ మొక్కలతో ఫొటోలకు బాగుంటుంది. నాకెందుకో పెళ్లికి తయారుచేసిన ముసలాయనలా కనిపించింది. రంగీన్ దర్వాజా పేరులో ఉన్న రంగు గోడ మీద కనిపించలేదు. మక్కా దర్వాజా, మహమూద్ దర్వాజా ఖాం నది మీద వంతెనలతో కలిసి ఉంటాయి. నది అనడం మర్యాదకే, ఇప్పుడది మురుగు. మహమూద్ దర్వాజా పక్కనే పన్‌చక్కీ. దూరపు కొండల నుంచి మట్టి గొట్టాల్లో నీళ్లు తెచ్చి, ఎత్తు నుంచి పడేసి తిరగలి తిప్పేవాళ్లు. 18వ శతాబ్దంలో దర్గాకు వచ్చే ఫకీర్లకు పిండి అలా విసిరేవారట. రోజంతా పెద్దగా మాట్లాడని బాబాయ్ ఇక్కడ నోరు విప్పాడు. హెడ్ ఎంతుంటుంది, ప్రెషర్ ఎంత, చక్రం చుట్లు ఎన్ని అని నన్నే అడిగాడు. నాకేం తెలుసు? పవర్ ప్లాంట్ మనిషి, ఆయనే గోడ మీద కూర్చుని నీళ్లు పడే ఎత్తును చూపుతో కొలుచుకున్నాడు.

బీబీ కా మక్బరా బయట్నుంచే చూశాం. కాళ్లు నొప్పులని ఆయన లోపలికి రానన్నాడు. రాత్రి నేను నాన్ ఖలియా తిన్నాను. మసాలా ఎర్రగా తేలే మటన్ పులుసు, పసుపు రాసిన పెద్ద మెత్తటి నాను. బాబాయ్ శనివారమని రెండు అరటిపళ్లు తిని పడుకున్నాడు.

ఈ ఊరు మనకు పరాయిదేం కాదు. మొదటి నిజాం ఇక్కడ్నించే ఏలాడు. రాజధాని హైదరాబాద్‌కు మారింది 1763లో, ఆయన కొడుకు నిజాం అలీ కాలంలో. ఆ తర్వాత కూడా 1956 దాకా పాల్వంచా, ఈ ఊరూ ఒకే హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్నాయి.

మూడో రోజు: దౌలతాబాద్, ఖుల్దాబాద్

పొద్దున్నే కారు మాట్లాడుకున్నాం. దౌలతాబాద్ పదిహేను కిలోమీటర్లు. దారి పొడుగునా సీతాఫలాలు, జామపళ్లు గంపల్లో పెట్టి అమ్ముతున్నారు. కోట బయటి గోడ దగ్గర రోడ్డే ఒక పాత దర్వాజాలోంచి దూరి వెళ్తుంది. ఎల్లోరా వెళ్లే టూరిస్టు బస్సులు అందులో ఒక్కొక్కటిగా పక్క అద్దాలు మూసుకుని దూరుతున్నాయి. మేం ఇరవై నిమిషాలు ఆగాం. ఫతే దర్వాజాలో ఇరుక్కున్న ఆటోలు గుర్తొచ్చాయి.

యాదవుల దేవగిరి ఇదే. 1296లో అల్లావుద్దీన్ ఖిల్జీ దోచుకున్నాడు. 1323లో ఓరుగల్లును పడగొట్టి ప్రతాపరుద్రుణ్ని పట్టుకున్న ఉలుఘ్ ఖానే మహమ్మద్ బిన్ తుగ్లక్ అయ్యాక, 1327లో ఢిల్లీ నుంచి రాజధానిని ఇక్కడికి మార్చాడు. కోటలోకి వెళ్లడమంటే ఒక దర్వాజా తర్వాత ఇంకో దర్వాజా, ప్రతి దానికీ మలుపు, ప్రతి మలుపుకూ కాపలా గదులు. తలుపుల మీద ముళ్లు. బాబాయ్ అలవాటుగా ఒకదాన్ని నొక్కి చూసి, "గోల్కొండ పనితనమే బాగుంది" అని తేల్చేశాడు. నిష్పక్షపాతంగా చెప్పాడని అనుకోను.

చాంద్ మీనార్, నీళ్లు నిలవచేసే పెద్ద రాతి హౌజు, భారతమాత గుడిగా మారిన పాత మసీదు, అన్నీ దాటి కొండ మొదట్లోకి వచ్చాక ఎడం పక్కన చీనీ మహల్. పేరు విని ఏదో అనుకుంటాం. కప్పు కూలిన పొడవాటి రాతి హాలు, కమానులు, గోడ మీద అక్కడక్కడా అతుక్కున్న నీలం పెంకులు. ఒకప్పుడు గోడంతా అవే ఉండబట్టి ఆ పేరు. తానీషాను ఉంచింది ఇక్కడే. దాదాపు పన్నెండేళ్లు. బయటికి రాకుండా ఇక్కడే పోయాడు.

"తిండీ గిండీ?"

"ఔరంగజేబు ఏడాదికి 50 వేల రూపాయలు పింఛను ఏర్పాటు చేశాడు."

బాబాయ్ నా వైపు తిరిగాడు. రిటైరైన మనిషికి పింఛను అనే మాట వినబడితే చాలు. "డీఏ ఉందా?" అన్నాడు. నవ్వి, మళ్లీ ఊరుకున్నాడు. ఒక కమాను కింద కూర్చుంటే ఎదురుగా కోట గోడలు, వాటి అవతల రోడ్డు, లారీలు. మూడు గోడల లోపల కూర్చున్నవాడికి ఏం కనబడేదో! నీలం పెంకు ఒకటి సగం ఊడి ఉంది. నేను ముట్టుకోబోతే వద్దని చెయ్యి లాగేశాడు.

పైన అంధేరీ దాకా వెళ్లాం. కొండను తొలిచి చేసిన చీకటి దారి అది. శత్రువు లోపలికొస్తే దారి తప్పి కందకంలో పడాలి. ఫోన్ లైటు వేస్తే కప్పు మీద గబ్బిలాలు ఒక్కసారి కదిలాయి. బాబాయ్ "చాల్చాలు" అని వెనక్కి తిరిగాడు. శిఖరం ఎక్కలేదు.

ఖుల్దాబాద్ పది కిలోమీటర్లు. చిన్న ఊరు, దర్గాలతో నిండిపోయింది. మెయిన్ రోడ్డుకు అటూ ఇటూ ఉన్న రెండు దర్గాల్లో ఒకదాంట్లో ఔరంగజేబు, ఎదురుగా ఉన్న దాంట్లో మొదటి నిజాం ఆసఫ్ జా. మాలిక్ అంబర్ సమాధి కూడా ఈ ఊళ్లోనే. ఔరంగజేబు సమాధి దగ్గర పోలీసు కాపలా. రిజిస్టర్లో పేర్లు రాయించుకున్నారు. పైకప్పు లేని మట్టి గోరీ, మీద ఒక చిన్న మొక్క. చుట్టూ ఉన్న పాలరాతి జాలీ తర్వాతెప్పుడో నిజాం పెట్టించింది. బాబాయ్ రెండు నిమిషాలు నిలబడి చెప్పులేసుకున్నాడు. నిజాం సమాధి వైపు చూసి, "కాఫీ తాగినాయన మనవడు" అని గుర్తుపెట్టుకుని అన్నాడు.

తానీషా సమాధి సయ్యద్ రాజూ కత్తాల్ దర్గా ఆవరణలో ఉంది. అక్కడ కాపలా లేదు, జనం లేరు. మెయిన్ రోడ్డు మీదున్న రద్దీలో ఒక్కరు కూడా ఇటు రాలేదు. వేపచెట్టు నీడ, రెండు మేకలు, నీళ్ల కుండ. పక్కన కూర్చున్న, దర్గా చూసుకునే ముజావర్ పెద్దాయన లేచి చూపించాడు. చిన్న గోరీ, ఆకుపచ్చ చాదర్ కప్పి ఉంది.

బాబాయ్ ఏం చెయ్యాలో తెలియనట్టు నిలబడ్డాడు. పాల్వంచ నుంచి జేబులో కాగితం పొట్లం తెచ్చుకున్నాడని నాకు అప్పుడే తెలిసింది. నవమినాటి తలంబ్రాలు. తీశాడు, చూశాడు, మళ్లీ జేబులో పెట్టేసుకున్నాడు. చేతులు జోడించాడు. తర్వాత పక్కనున్న పెద్దాయనను చూసి దించాడు, మళ్లీ జోడించాడు.

"కహాఁ సే ఆయే?" అని ఆయన అడిగాడు.

"భద్రాచలం" అన్నాడు బాబాయ్, పాల్వంచ అనకుండా. ఆయనకు ఆ పేరు తెలియదు. బాబాయ్ తనకొచ్చిన హిందీలో మొదలుపెట్టాడు. తానీషా దగ్గర గోపన్న అని తహసీల్దార్ ఉండేవాడని, సర్కారు డబ్బుతో గుడి కట్టాడని, జైల్లో పెట్టారని. "ఫిర్ రాత్ కో రామ్ లక్ష్మణ్ ఆయే. యే సాబ్ కే ఘర్ మే. పూరా పైసా దే దియే."

ముజావర్ కళ్లు పెద్దవి చేశాడు. "ఇన్‌కే ఘర్ మే? కిత్నా?"

"ఛే లాఖ్ మొహరీలు."

ఆయన గోరీ వైపు కొత్తగా చూశాడు. ఇన్నాళ్లూ తన పక్కనే ఉన్న మనిషి ఇంట్లో ఇంత సంగతి జరిగిందా అన్నట్టు. "ఔర్ ఇన్హోఁనే క్యా కియా?"

"రసీదు ఇచ్చాడు" అన్నాడు బాబాయ్ తెలుగులో, ఆనందంలో భాష మర్చిపోయి. చేత్తో రాసినట్టు చూపించాడు.

"పావతీ!" అన్నాడు పెద్దాయన.

"హా, పావతీ. రాములవారికి రసీదు ఇచ్చినోడు ఇతనొక్కడే."

నేను హిందీలో చెప్పాను. ఆయన తల ఊపి, లోపలికెళ్లి ముగ్గురికీ గ్లాసుల్లో నీళ్లు తెచ్చాడు. బాబాయ్ దారిలో కొన్న సీతాఫలాల్లో బాగా ముగ్గినవి రెండు ఏరి ఆయనకిచ్చాడు. అక్కడే నేల మీద కూర్చుని, ఇద్దరూ గింజలు ఊసుకుంటూ తిన్నారు. మాటలు పెద్దగా లేవు.

కారు దగ్గరికొచ్చేసరికి పార్కింగ్ కుర్రాడు యాభై రూపాయలు అడిగాడు. నేను ఇవ్వబోతుంటే బాబాయ్ ఆపాడు.

"పావతీ ఇవ్వమను" అన్నాడు.

కుర్రాడు విసుక్కుంటూ గులాబీ రంగు కాగితం చింపి ఇచ్చాడు. బాబాయ్ దాన్ని నాలుగు మడతలు పెట్టి, తలంబ్రాల పొట్లం ఉన్న జేబులోనే పెట్టుకున్నాడు.